రైన్ నది గట్టు తగాదా

(కాకినాడలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "అంతర్జాతీయ వ్యవహారాల నిపుణులు" అన్నారు. అంత లేదండీ. డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు చరిత్ర చెప్పాను, అంతే. ఐరోపా సంధులంటే మన పిల్లలకి పదిహేను మార్కుల ప్రశ్న. వెస్ట్‌ఫాలియా 1648, ఉట్రెక్ట్ 1713, వియన్నా 1815, వెర్సాయి 1919. బట్టీ పట్టడం, పరీక్ష రాసి హాల్లోంచి బయటికొస్తూ మర్చిపోవడం. నేనూ అలాగే చెప్పాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, పింఛను ఎలాగూ వస్తోంది. (నవ్వులు)

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్లాను. స్టుట్‌గార్ట్‌లో ఉంటుంది. ఒక ఆదివారం "నాన్నా, పక్క దేశం చూసొద్దామా" అంది. పక్క దేశమంటే ఏదో ప్రయాణం అనుకున్నాను. పొద్దున టిఫిను తిని బయల్దేరితే భోజనం వేళకి ఫ్రాన్స్‌లో ఉన్నాం. స్ట్రాస్‌బర్గ్ అనే ఊరు. రైన్ నదికి ఇవతల ఫ్రాన్స్, అవతల జర్మనీ. ఆ ఊళ్లో ఒక విగ్రహం చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇవాళ్టి ప్రసంగానికి అసలు కారణం ఆ విగ్రహమే.

ఫ్రాన్స్‌లో ఏ పల్లెటూరికి వెళ్లినా మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్లకి ఒక స్మారకం కనిపిస్తుంది. చాలాచోట్ల తుపాకీ పట్టిన సిపాయి ఉంటాడు, కింద "దేశం కోసం ప్రాణాలిచ్చినవారికి" అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. స్ట్రాస్‌బర్గ్‌లో 1936లో పెట్టిన స్మారకం అలా లేదు. ఒక తల్లి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో ప్రాణం పోతున్న ఇద్దరు కొడుకులు. ఇద్దరి ఒంటి మీదా యూనిఫాం లేదు. కింద "మా మృతులకు" అని మాత్రమే ఉంది. ఏ దేశం కోసం పోయారో రాయలేదు.

రాయలేరు. ఒక కొడుకు జర్మనీ వైపు, ఒక కొడుకు ఫ్రాన్స్ వైపు పోరాడారని ఆ శిల్పం చెప్పే మాట. అల్సాస్ అనే ఆ ప్రాంతం 1871 నుంచి 1945 దాకా, అంటే డెబ్భై అయిదేళ్లు కూడా నిండకుండా, నాలుగుసార్లు దేశం మారింది. 1871లో జర్మనీ. 1918లో ఫ్రాన్స్. 1940లో మళ్లీ జర్మనీ. 1944-45లో మళ్లీ ఫ్రాన్స్. ఇల్లు కదల్లేదు, పెరట్లో చెట్టు కదల్లేదు. బళ్లో చెప్పే భాష మారింది, నాణెం మీద బొమ్మ మారింది, కొడుకుని సైన్యంలోకి పిలిచే ఉత్తరం మీద ముద్ర మారింది. రెండో యుద్ధంలో అల్సాస్, దాని పక్కనున్న మొసెల్ జిల్లాల నుంచి దాదాపు 1,30,000 మందిని జర్మన్ సైన్యంలోకి బలవంతంగా తీసుకుపోయారు.

మన భాషలో చెప్పుకోవాలంటే ఇది గట్టు తగాదా. మన పొలం దస్తావేజులో చెక్కుబందీ రాస్తారు కదా, తూర్పున ఫలానావారి పొలం, పడమర పంట బోదె, అని. ఆ నాలుగు దిక్కుల్లో ఒక్క దిక్కు సరిగ్గా రాయకపోతే మనవళ్ల కాలం దాకా కోర్టు చుట్టూ తిరగాలి. అల్సాస్‌కి జరిగింది అదే. అసలు దస్తావేజు 1648 నాటిది.

కాథలిక్, ప్రొటెస్టెంట్ రాజ్యాల మధ్య మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధం ముగించడానికి జర్మన్ నేల మీద రెండు ఊళ్లలో చర్చలు పెట్టారు. మూన్‌స్టర్‌లో ఫ్రాన్స్, ఓస్నాబ్రూక్‌లో స్వీడన్. రెండు ఊళ్ల మధ్య సుమారు 50 కిలోమీటర్లు. ఏ రాయబారి ముందు నడవాలి, ఎవరికి ఏ బిరుదు పెట్టి పిలవాలి అన్న దానికే నెలలు గడిచాయి. మన పెళ్లిళ్లలో మగపెళ్లివారి విడిది గొడవలు గుర్తొస్తాయి. చివరికి 1648 అక్టోబర్ 24న సంతకాలయ్యాయి. పోప్ అభ్యంతరం చెప్తాడని ముందే తెలుసు వాళ్లకి. అందుకని "ఎవరు అభ్యంతరం చెప్పినా అది చెల్లదు" అని సంధిలోనే రాసిపెట్టుకున్నారు. పోప్ అభ్యంతరం చెప్పనే చెప్పాడు. అది చెల్లనూ లేదు.

అల్సాస్ సంగతి దగ్గర మాత్రం రాత వేరేగా నడిచింది. ఒక షరతులో చక్రవర్తి, అంటే జర్మన్ రాజ్యాలన్నీ కలిసిన పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి అధిపతి, తనకి అల్సాస్‌లో ఉన్న హక్కులన్నీ ఫ్రాన్స్ రాజుకి ఇస్తున్నాడు. ఇంకొక షరతులో అక్కడి పట్టణాలు, ప్రభువులు ఇదివరకటిలాగే సామ్రాజ్యంలో ఉంటారు అంటాడు. ఆ వెంటనే, ఈ రెండో మాట వల్ల మొదటి మాటకి ఏ భంగమూ లేదు అంటాడు. ఇది చదివితే ఎవరికేం అర్థమవుతుంది? ఎవరికి కావలసింది వాళ్లకి. ఇరుపక్షాలకీ తెలిసే అలా వదిలేశారని చాలామంది చరిత్రకారుల మాట. యుద్ధం ఆగాలి, సంతకాలు కావాలి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. సంధిలో సందు వదిలారు.

ఆ సందులోంచి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దూరాడు. 1679 నుంచి ప్రత్యేక న్యాయస్థానాలు పెట్టి, సంధిపత్రం ప్రకారం ఏ ఊరు ఎవరికి చెందాలో తన జడ్జీల చేతే తీర్పులు చెప్పించుకున్నాడు. 1681లో స్ట్రాస్‌బర్గ్‌ని సైన్యంతో చుట్టుముట్టి తీసుకున్నాడు. 1697లో రిస్విక్ సంధిలో ఆ ఊరు ఆయనదేనని మిగతావాళ్లు ఒప్పుకున్నారు. చూశారా, దండయాత్రకి కూడా దస్తావేజు చేతిలో పట్టుకునే బయల్దేరాడు.

సంధుల గురించి ఈ సంగతే నాకు ఆలస్యంగా అర్థమైంది. మనం పాఠాల్లో మొదటి పేజీ చెప్తాం. "శాశ్వత మైత్రి", "నిత్య సౌభ్రాతృత్వం" అని ప్రతి సంధి మొదటి పేజీలోనూ ఉంటుంది. ఆ మాటలు తడి ఆరకముందే పోతాయి. లోపలెక్కడో పదకొండో షరతు, డెబ్భై రెండో షరతు ఉంటాయి చూశారా, ఎవరూ గట్టిగా చదవనివి, అవి వందల ఏళ్లు బతుకుతాయి.

నమ్మకం లేకపోతే మన ఊరి నుంచే చెప్తాను. 1748లో ఆస్ట్రియా సింహాసనం ఎవరిదన్న యుద్ధం ముగిస్తూ జర్మనీలోని ఆహెన్ అనే ఊళ్లో సంధి చేసుకున్నారు. ఫ్రెంచివాళ్లు ఆ ఊరిని ఎక్స్-లా-షపెల్ అంటారు. అప్పటికి మద్రాసు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, 1746లో పట్టుకున్నారు. కెనడా తీరంలో లూయీబూర్ అనే ఫ్రెంచి కోట ఆంగ్లేయుల చేతిలో ఉంది. నీ కోట నీకు, నా మద్రాసు నాకు అని మార్చేసుకున్నారు. మద్రాసు జనాన్ని అడిగినవాడు లేడు.

1753లో బుస్సీ నిజాం దగ్గర మన సర్కారు జిల్లాలు రాయించుకున్నాడు. 1758 డిసెంబర్‌లో ఇక్కడికి దగ్గర్లోనే, చందుర్తి దగ్గర, ఫ్రెంచి సేన ఓడిపోయింది. మర్నాటి ఏడాది మచిలీపట్నం పోయింది. ఇదంతా మీకు తెలిసిన కథే. అయితే 1763 పారిస్ సంధిలో పదకొండో షరతు ఒకటుంది. 1749 మొదట్లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఏ వర్తక స్థావరాలు ఉన్నాయో అవి వాళ్లకి తిరిగిస్తాం, ఆ తర్వాత కోరమాండల్, ఒరిస్సా తీరాల్లో సంపాదించుకున్న వాటి మీద హక్కులు ఫ్రాన్స్ వదులుకోవాలి. యానాం అంతకు ముందే ఉంది, కాబట్టి తిరిగొచ్చింది. సర్కారు జిల్లాలు తర్వాత వచ్చాయి, కాబట్టి పోయాయి. అంతే. కోనసీమ పక్కన అరచేయంత నేల 1954 దాకా ఫ్రెంచి జెండా కింద ఉండడానికి మూలం, పారిస్‌లో ఎవరో గుమాస్తా రాసిన ఒక తేదీ. ఇక్కడ బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు ఆపితే, జనం బళ్లు కట్టుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చారు. అక్కడ ఆ చట్టం లేదు కదా. ఇంకా దగ్గరికి రండి. వంతెన దాటితే జగన్నాథపురం. అది డచ్చివారిది. 1824లో లండన్‌లో ఆంగ్లేయులూ డచ్చివారూ చేసుకున్న సంధిలో, ఇండియాలో తమకున్నవన్నీ డచ్చివారు ఇచ్చేశారు. మన కాకినాడలో సగం అలా చేతులు మారింది. ఆ సంతకం పెట్టినవాళ్లు ఈ ఊరి పేరు విన్నారో లేదో.

సరే, రైన్ ఒడ్డుకి వెళ్దాం.

1871 జనవరి 18న జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు. ఎక్కడ? బెర్లిన్‌లో కాదు, 1870లో మొదలైన యుద్ధంలో జర్మన్ రాజ్యాల చేతిలో ఓడిపోయిన ఫ్రాన్స్‌లో, వెర్సాయి రాజప్రాసాదంలోని అద్దాల మందిరంలో. ఒకడింట్లో వాడి పీట మీదే కూర్చుని మన కొడుక్కి ఉపనయనం చేసుకోవడం లాంటిది. మే 10న ఫ్రాంక్‌ఫర్ట్ సంధి. బెల్ఫోర్ ప్రాంతం తప్ప అల్సాస్ అంతా, పక్కనున్న లోరేన్‌లో కొంత (దాదాపు ఇప్పటి మొసెల్ జిల్లా) జర్మనీకి. దాని మీద 500 కోట్ల ఫ్రాంకులు జరిమానా. ఆ సొమ్ము కట్టేదాకా జర్మన్ సైన్యం ఫ్రెంచి నేల మీదే ఉంటుంది. ఫ్రెంచివాళ్లు పంతానికి ప్రభుత్వ బాండ్లు కొని, 1873 సెప్టెంబర్‌కల్లా కట్టి పంపించేశారు.

ఈ సంధిలో నన్ను ఆపినది ఇంకొక షరతు. అల్సాస్‌లో ఉన్నవాళ్లు ఫ్రెంచి పౌరులుగానే ఉంటామంటే 1872 అక్టోబర్ 1 లోపు చెప్పాలి, చెప్పి ఊరొదిలి ఫ్రాన్స్‌కి పోవాలి. ఒక తేదీ పెట్టి, ఊరు కావాలా దేశం కావాలా అని అడిగారు. వేల కుటుంబాలు అన్నదమ్ములుగా చీలిపోయాయి. పొలం చూసుకోవాల్సినవాడు ఉండిపోయాడు, చదువుకున్న తమ్ముడు వెళ్లిపోయాడు. ఆ విగ్రహంలో ఇద్దరు కొడుకులున్నారు చూశారా, వాళ్ల కథ అక్కడ మొదలైంది.

తర్వాతి యాభై ఏళ్లలో అల్సాస్‌లో జర్మన్లు వాళ్ల పద్ధతిలో రైలు మార్గాలు వేశారు. ఫ్రాన్స్‌లో జంట పట్టాల మీద రైలు ఎడమ పక్క నడుస్తుంది, మన దగ్గరలాగే. మొదట్లో ఇంగ్లీషు ఇంజినీర్ల దగ్గర నేర్చుకున్న అలవాటు. జర్మనీలో కుడి పక్క. 1918లో అల్సాస్ తిరిగి ఫ్రాన్స్‌కి వచ్చింది. జెండాలు మార్చారు, వీధుల పేర్లు మార్చారు, బళ్లో మేష్టర్లని మార్చారు. రైలు పక్క మార్చలేదు. ఇప్పటికీ పారిస్ నుంచి ఎడమ పక్క వచ్చే రైలు, అల్సాస్-మొసెల్ ప్రాంతంలోకి వచ్చేసరికి కుడి పక్కకి మారుతుంది. 1871 నాటి సరిహద్దు ఇవాళ ఏ పటంలోనూ లేదు, రైలు పట్టాల మీద ఉంది.

రైళ్లు ఒక్కటే కాదు. 1905లో ఫ్రాన్స్ మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరు చేస్తూ చట్టం చేసింది. అప్పుడు అల్సాస్ జర్మనీలో ఉంది కాబట్టి ఆ చట్టం అక్కడికి రాలేదు. తిరిగొచ్చాక పెడదామంటే జనం ఒప్పుకోలేదు. అక్కడ నెపోలియన్ 1801లో పోప్‌తో చేసుకున్న ఒప్పందమే ఇంకా అమల్లో ఉంది. లౌకికవాదానికి పెట్టింది పేరైన ఫ్రాన్స్‌లో, ఆ మూడు జిల్లాల్లో (అల్సాస్‌వి రెండు, మొసెల్ ఒకటి) మాత్రం కాథలిక్ ఫాదరీకీ, ప్రొటెస్టెంట్ పాస్టరుకీ, యూదుల రబ్బీకీ ప్రభుత్వమే జీతం ఇస్తుంది. జర్మన్ చాన్సలర్ బిస్మార్క్ నాటి ఆరోగ్య బీమా పద్ధతి కూడా అక్కడ వేరుగా మిగిలింది. క్రిస్మస్ మర్నాడు కూడా సెలవు. అల్సాస్ వాళ్లు దేశం విషయంలో ఎలా ఉన్నా, ఆ సెలవు మాత్రం వదులుకోరట. మనవాళ్లయినా అంతే కదా.

1919 వెర్సాయి సంధి గురించి నేను ఎక్కువ చెప్పను, మీరందరూ చదివినదే. జూన్ 28న సంతకం. అదే అద్దాల మందిరం. ఇంకెక్కడా చోటు దొరక్క కాదు, 1871 బాకీ తీర్చుకోవాలి కాబట్టి. 440 షరతులు. యుద్ధానికి జర్మనీయే బాధ్యత వహించాలనే 231వ షరతు జర్మన్ ఇళ్లలో పసిపిల్లాడికి కూడా తెలుసు. 1940లో హిట్లర్ ఏం చేశాడు? 1918లో జర్మన్లు యుద్ధవిరమణ సంతకం చేసిన రైలు పెట్టెను మ్యూజియంలోంచి బయటికి లాగించి, అదే కాంపియెన్ అడవిలో, అదే పెట్టెలో ఫ్రెంచివాళ్ల చేత సంతకం పెట్టించాడు. డెబ్భై ఏళ్లలో వీళ్లు సంధులు చేసుకున్నారనే కంటే, ఒకరినొకరు ఒకే గదికి పిలిచి అవమానించుకున్నారంటే సరిపోతుంది.

ఆ వెర్సాయి సంధికి సంబంధించిన ఆఖరి చెల్లింపు ఎప్పుడు జరిగిందో చెప్పండి చూద్దాం. 1932? 1945? కాదండీ. 2010 అక్టోబర్ 3. నష్టపరిహారం కట్టడానికి 1920లలో జర్మనీ విదేశాల్లో బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. హిట్లర్ ఎగ్గొట్టాడు. 1953లో లండన్‌లో అప్పులవాళ్లందరూ కూర్చుని పశ్చిమ జర్మనీ అప్పుల్ని సుమారు సగానికి తగ్గించారు. కొంత పాత వడ్డీ మాత్రం "జర్మనీ మళ్లీ ఒకటయ్యాక" కట్టమన్నారు. 1953లో ఆ మాట రాసినవాళ్లు, అది జరిగినప్పటి సంగతి కదా అనుకుని ఉంటారు. 1990లో జరిగింది. షరతు నిద్ర లేచింది. ఇరవై ఏళ్లు వాయిదాల్లో కట్టి, విలీనం జరిగిన ఇరవయ్యో వార్షికోత్సవం రోజున బాకీ తీర్చారు.

మరి తెగిన సంధుల సంగతేమిటని అడగొచ్చు. 1839లో బెల్జియం తటస్థంగా ఉంటుందని పెద్ద రాజ్యాలన్నీ లండన్‌లో హామీ ఇచ్చాయి. 1914 ఆగస్టులో జర్మనీ బెల్జియంలోకి దూసుకుపోయింది. ఒక కాగితం ముక్క కోసం మా మీద యుద్ధానికి వస్తారా అని జర్మన్ చాన్సలర్ బ్రిటిషు రాయబారిని నిలదీశాడు. వచ్చారు. లోపలి కారణాలు సవాలక్ష ఉండొచ్చు, కానీ పార్లమెంటుకీ జనానికీ చూపించడానికి ఆ డెబ్భై అయిదేళ్ల కాగితమే చేతిలో ఉంది. తెగిన సంధి కూడా ఊరికే పోదు.

ఇప్పుడు 1950కి వద్దాం. నాకు బాగా ఇష్టమైన మనిషి వస్తాడు ఇక్కడ. రాబర్ట్ షూమన్. ఈయన తండ్రి లోరేన్ సరిహద్దు పల్లెలో ఫ్రెంచివాడిగా పుట్టి, 1871లో జర్మన్ అయ్యాడు. షూమన్ 1886లో లక్సెంబర్గ్‌లో జర్మన్ పౌరుడిగా పుట్టాడు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో లా చదివాడు. 1919లో ఫ్రెంచివాడయ్యాడు. 1950 నాటికి ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి. గట్టు మీద పుట్టినవాడికి గట్టు సంగతి తెలుస్తుంది. పశ్చిమ జర్మనీలో చాన్సలర్ అడెనావర్, ఇటలీలో ప్రధాని డి గాస్పెరి. డి గాస్పెరి కూడా సరిహద్దు మనిషే, ఒకప్పుడు ఆస్ట్రియా పార్లమెంటులో సభ్యుడు. ఈ ముగ్గురూ మాట్లాడుకోవాలంటే దుబాసీ అక్కర్లేదు, ముగ్గురికీ జర్మన్ వచ్చు.

యుద్ధం ముగిసి అయిదేళ్లు. ఫ్రాన్స్ భయమంతా జర్మనీలోని రూర్ లోయ బొగ్గు గురించి. లోరేన్‌లో ఇనుప ఖనిజం ఉంది, రూర్‌లో బొగ్గు ఉంది, రెండూ కలిస్తే ఉక్కు, ఉక్కుంటే ఫిరంగి. ఇదివరకు రెండుసార్లు చేసిన పని బొగ్గు గనుల్ని ఆక్రమించడం. 1923లో రూర్‌లోకి సైన్యాన్ని పంపితే ఏం ఒరిగింది? జర్మన్ మార్కు చిత్తుకాగితమైంది, కసి పెరిగింది. జాన్ మొనే అనే ఆయన, కోన్యాక్ సారా వ్యాపారుల ఇంటి బిడ్డ, వేరే ఉపాయం చెప్పాడు. బొగ్గు మీద "ఇది నాది" అనే మాట ఇద్దరూ వదిలేయండి, రెండు దేశాల బొగ్గునీ ఉక్కునీ ఒక ఉమ్మడి అధికార సంస్థ కింద పెట్టండి అని. మే 9న షూమన్ అది ప్రకటించాడు. 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఆరు దేశాలు సంతకం చేశాయి.

మన తెలుగులో సంధి అనే మాటకి ఇంకో అర్థం ఉంది కదా, వ్యాకరణంలో. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. మధ్యలో ఉకారం పోయింది. ఆ అచ్చు పోకపోతే పదాలు పక్కపక్కన ఉంటాయి గానీ కలవవు. వెర్సాయిలో ఒకడి అచ్చులన్నీ పీకి రెండోవాడు దాచుకున్నాడు. బొగ్గు-ఉక్కు సంధిలో ఇద్దరూ చెరొకటి వదిలారు. అక్కడ తేడా వచ్చింది.

ఆ సంధిలో కూడా తెలివైన షరతు ఒకటుంది. శాశ్వతం అనలేదు. యాభై ఏళ్లు అన్నారు. 1952 జులై 23న అమల్లోకి వచ్చింది, 2002 జులై 23న గడువు తీరి, ఏ గొడవా లేకుండా ముగిసిపోయింది. చరిత్రలో శాశ్వత సంధులు పదేళ్లకే చచ్చాయి. యాభై ఏళ్ల సంధి యాభై ఏళ్లూ బతికి సహజ మరణం పొందింది.

అన్నీ ఇలా నున్నగా సాగాయనుకోకండి. 1952లో ఉమ్మడి ఐరోపా సైన్యం కోసం ఒక సంధి చేశారు. ప్రతిపాదించింది ఫ్రాన్సే. 1954 ఆగస్టు 30న దాన్ని 319-264 ఓట్లతో తిప్పికొట్టింది కూడా ఫ్రెంచి పార్లమెంటే. బొగ్గు వరకు సరే, జర్మన్ చేతికి మళ్లీ తుపాకీనా అన్నారు. అప్పటికి యుద్ధం అయ్యి తొమ్మిదేళ్లు. వాళ్లని తప్పు పట్టలేం.

సార్ ప్రాంతం సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. సరిహద్దులో బొగ్గు ఉన్న జర్మన్ ప్రాంతం, యుద్ధం తర్వాత ఫ్రాన్స్ ఆర్థిక అదుపులో ఉంది. దాన్ని అటూ ఇటూ కాకుండా ఐరోపా ప్రాంతంగా ఉంచుదామని పారిస్, బాన్ (అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని) ఒప్పందం చేసుకున్నాయి. 1955 అక్టోబర్‌లో జనాన్ని అడిగారు. 67.7 శాతం మంది వద్దు పొమ్మన్నారు. పాత రోజుల్లో అయితే సైన్యం కదిలేది. ఈసారి కూర్చుని ఇంకో సంధి రాసుకున్నారు. సార్ జర్మనీకి వెళ్తుంది, 1957 జనవరి 1 నుంచి. బదులుగా? మొసెల్ నదిని పెద్ద పడవలు నడిచేలా బాగు చేయాలి, లోరేన్ ఉక్కు నీటి దారిన రైన్‌కి చేరాలి. లాకులు, ఆనకట్టలు కట్టి 1964లో ప్రారంభించారు. గోదావరి కాలువల మీద పుట్టినవాళ్లం, లాకుల విలువ మనకి చెప్పక్కర్లేదు. ఒక ప్రాంతం ఇచ్చి ఒక కాలువ పుచ్చుకున్నారు. నా దృష్టిలో, ఆ ఆరు దేశాలకీ ఉమ్మడి మార్కెట్ పెట్టిన 1957 రోమ్ సంధి కంటే ఇదే గొప్పది, కానీ పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం ఉండదు.

రోమ్ సంధి అన్నాను కాబట్టి ఒక తమాషా. 1957 మార్చి 25న రోమ్‌లో అంత ఆర్భాటంగా సంతకాలు చేసిన ఆ గ్రంథంలో మొదటి పేజీ, సంతకాల పేజీ లాంటివి కొన్నే అచ్చయ్యాయి, మధ్య కాగితాలు చాలావరకు తెల్లవి. అచ్చు పని సమయానికి పూర్తి కాలేదు. ఆరు దేశాల మంత్రులు తెల్ల కాగితాల మీద సంతకం పెట్టి నవ్వుతూ ఫొటో దిగారు. మన దగ్గర పెద్దవాళ్లు "తెల్ల కాగితం మీద సంతకం పెట్టకురా" అని చెప్తారా లేదా?

ఆ తెల్ల కాగితాల మీద ఏం రాసుకున్నారో 1963లో ఒక కేసుతో తెలిసింది. వాన్ గెండ్ ఎన్ లూస్ అనే డచ్చి రవాణా కంపెనీ జర్మనీ నుంచి జిగురు తయారీకి వాడే ఒక రసాయనం తెప్పించింది. డచ్చి కస్టమ్స్ వాళ్లు సుంకం 3 శాతం బదులు 8 శాతం వేశారు. సభ్యదేశాల మధ్య సుంకాలు పెంచకూడదని రోమ్ సంధిలో పన్నెండో షరతు ఉంది కదా అని కంపెనీ అడిగింది. ప్రభుత్వాలు ఏమన్నాయి? సంధి దేశానికీ దేశానికీ మధ్య, వర్తకుడికి ఏం సంబంధం, అన్నాయి. లక్సెంబర్గ్‌లో ఉన్న ఉమ్మడి కోర్టు ఒప్పుకోలేదు. ఈ సంధి పౌరులకి కూడా హక్కులిస్తుంది, వాళ్లే తమ దేశపు కోర్టులో అడగొచ్చు అంది. అయిదు శాతం సుంకం గొడవ అది. కానీ అక్కడి నుంచి సంధి రాజుల పెట్టెలోంచి బయటికొచ్చి కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఆ తీర్పు వచ్చింది 1963 ఫిబ్రవరి 5న.

దానికి సరిగ్గా రెండు వారాల ముందు, జనవరి 22న, పారిస్‌లో ఎలిజే ప్రాసాదంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్, అడెనావర్ కౌగిలించుకున్నారు. ఎలిజే సంధి. దాన్ని తీసి చదివితే నిరాశ పడతారు. ఆవేశం లేదు. దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు కలవాలి. విదేశాంగ మంత్రులు మూడు నెలలకొకసారి. రక్షణ మంత్రులు, విద్యాశాఖవాళ్లు, యువజన శాఖవాళ్లు ఇన్ని నెలలకోసారి. చదువుతుంటే సంధిలా ఉండదు, పంచాయతీ ఆఫీసు గోడ మీది సమావేశాల పట్టికలా ఉంటుంది.

పైగా ఆదిలోనే హంసపాదు. జర్మన్ పార్లమెంటు దాన్ని ఆమోదిస్తూ ముందు ఒక పీఠిక తగిలించింది. అమెరికాతో స్నేహం, నాటో, బ్రిటన్‌ని కలుపుకోవడం, వీటికేమీ భంగం రాదు అని. డి గాల్ ఈ సంధి చేసుకున్నదే అమెరికా నీడ తగ్గించుకోవడానికి. ఆయనకి ఒళ్లు మండింది. సంధులు అమ్మాయిల్లాంటివి, గులాబీల్లాంటివి, ఉన్నన్నాళ్లు ఉంటాయి, అన్నాడు. అడెనావర్ ఇంటి దగ్గర పెద్ద గులాబీ తోట ఉంది, స్వయంగా పెంచేవాడు. గులాబీ మొక్క గట్టిది, చలికాలం తట్టుకుని మళ్లీ పూస్తుందని ఆయన సమాధానం. తోటమాలి మాటే నెగ్గింది అనిపిస్తుంది నాకు.

ఎలా నెగ్గింది? అడెనావర్ తర్వాత వచ్చిన ఎర్‌హార్డ్‌కీ డి గాల్‌కీ పొసగలేదు. అయినా తేదీ వచ్చేసరికి కలవాల్సి వచ్చేది. మూతి ముడుచుకుని అయినా ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మన ఇళ్లలో ఆబ్దికానికి పలకరింపుల్లేని అన్నదమ్ములు కూడా వస్తారు చూడండి, తిథి పిలుస్తుంది, మనిషి కాదు. ఆ సంధి కింద అదే ఏడాది పెట్టిన యువజన సంస్థ ద్వారా ఇప్పటికి 90 లక్షలకు పైగా పిల్లలు అటూ ఇటూ వెళ్లొచ్చారు. ఫ్రెంచి ఊరికీ జర్మన్ ఊరికీ జత కట్టే పద్ధతి ఉంది, అవి రెండు వేలకు పైగా ఉన్నాయి. ఈ ఊరి బ్యాండు మేళం ఆ ఊరికి వెళ్తుంది, ఆ ఊరి ఫైర్ ఇంజిన్ వాళ్లు ఈ ఊరికొస్తారు. 1984లో మొదటి యుద్ధపు రణరంగం వెర్డన్ స్మశానంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్రాఁ, జర్మన్ చాన్సలర్ కోల్ చేతులు పట్టుకుని నిలబడ్డ ఫొటో అందరూ చూశారు. ఆ ఫొటో వెనక ఇరవై ఏళ్ల బ్యాండు మేళాలున్నాయి.

2019 జనవరి 22న దానికి కొనసాగింపుగా ఇంకో సంధి చేసుకున్నారు. ఎక్కడో తెలుసా? ఆహెన్‌లో. మన మద్రాసుని కెనడా కోటకి మార్చుకున్న ఊరే. ఈసారి అందులో కోటల మాట లేదు. సరిహద్దు దాటే రైలు మార్గాలు, అంగన్‌వాడీల వయసు పిల్లలకి రెండు భాషలు, అంబులెన్సులు, ఇలాంటివి. స్ట్రాస్‌బర్గ్ నుంచి రైన్ మీద వంతెన దాటి జర్మన్ ఊరు కేల్‌కి 2017 నుంచి ట్రామ్ నడుస్తోంది. మా అమ్మాయీ నేనూ ఎక్కాం. ఆ నది కోసం ఎంతమంది చచ్చారో లెక్క చెప్పలేం. ట్రామ్‌లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఫ్రాన్స్ నుంచి జర్మనీకి కూరగాయలు తెచ్చుకోవడానికి ఖాళీ సంచి పట్టుకెళ్తోంది. అక్కడ చౌకట.

అన్నీ బాగున్నాయని కథ ముగించను. 2020 మార్చిలో కోవిడ్ వచ్చేసరికి ఇదే వంతెన మూసేశారు, జూన్ దాకా. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా మళ్లీ తనిఖీలు పెట్టింది. ట్రామ్ నడుస్తోంది, పోలీసులూ నిలబడుతున్నారు. రెండూ ఇప్పుడు అక్కడి నిజాలే.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభికుల్లో ఒకరు: యానాం మన జిల్లా మధ్యలో ఉంది కదండీ, ఆంధ్రలో ఎందుకు కలపలేదు? 800 కిలోమీటర్ల అవతల పుదుచ్చేరి కింద ఎందుకుంది?)

మంచి ప్రశ్న. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య గారూ వాళ్లూ యానాంలో ఫ్రెంచి పాలన తీసేశారు. నవంబర్ 1న మొత్తం స్థావరాలు చేతికొచ్చాయి. కానీ చేతికి రావడం వేరు, రాతకోతలు వేరు. 1956 మే 28న ఇండియా, ఫ్రాన్స్ సంధి చేసుకున్నాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి, అది అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు అయింది. అందులో రెండో షరతు చూడండి. ఈ స్థావరాలకి అప్పటిదాకా ఉన్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది, దాన్ని మార్చాలంటే అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. అందుకే యానాం యానాంగా ఉంది. ఇంకో షరతు కూడా ఉంది, మీకు అల్సాస్ గుర్తొస్తుంది. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనేవాళ్లు ఆరు నెలల్లోగా రాసి ఇవ్వాలి. ఈసారి మాత్రం ఊరొదిలి పొమ్మనలేదు. అందుకే ఇవాళ్టికీ పుదుచ్చేరిలో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలకి ఓటేసే మన తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు.

(వెనక వరసలోంచి ఒక అబ్బాయి: సార్, రైలు ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మారేటప్పుడు ఎదురుగా వచ్చే రైలుని గుద్దుకోదా?)

ఇంతసేపూ సరిగ్గా విన్నవాడివి నువ్వేరా నాన్నా. గుద్దుకోదు. పాత సరిహద్దు ఉన్న చోట ఒక పట్టాని చిన్న వంతెన మీదికి ఎక్కించారు, రెండోది దాని కింద నుంచి వెళ్తుంది. పై నుంచి ఒక బండి, కింద నుంచి ఒక బండి, అటుది ఇటు, ఇటుది అటు. లోపల కూర్చున్నవాళ్లకి ఏమీ తెలియదు. కిటికీలోంచి చూస్తుంటే, అప్పటిదాకా కుడి పక్క కిటికీలో ఎదురొచ్చిన రైలు, ఆ తర్వాత ఎడమ పక్క కిటికీలో కనిపిస్తుంది.